ఒలింపిక్ స్వర్ణం ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఎంత దూరం తీసుకెళ్తుంది? జేమ్స్ డిగేల్ కెరీర్ ఆధారంగా సమాధానం

మీరు అడిగిన దాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ తమ్ముడికి పందొమ్మిదేళ్లు, రాష్ట్ర స్థాయి అమెచ్యూర్ పతకాలు ఉన్నాయి, ఇక ఆలస్యం చేయకుండా ప్రొఫెషనల్‌గా మారమని ఎవరో సలహా ఇచ్చారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన ఇంగ్లండ్ బాక్సర్ జేమ్స్ డిగేల్‌కే ప్రపంచ టైటిల్ దక్కడానికి ఆరేళ్లకు పైగా ఎందుకు పట్టిందో, అమెచ్యూర్ పతకానికి ఆ రంగంలో నిజంగా విలువ ఉందో లేదో, ఒకసారి మారిన తర్వాత వెనక్కి రావచ్చో లేదో చెప్పమన్నారు.

సూటిగా చెప్పాలంటే, పతకానికి విలువ ఉంది, కాని అది ప్రవేశం దగ్గరే ఎక్కువగా పనిచేస్తుంది. మంచి ప్రమోటర్ (పోరాటాలను ఏర్పాటు చేసి నడిపించేవాడు), టీవీలో చోటు, మొదటి రెండేళ్లకు సరిపడా డబ్బు, జాగ్రత్తగా ఎంచిన ప్రత్యర్థులు పతకం వల్ల దొరుకుతాయి. ఎనిమిదో రౌండ్ తర్వాత కాళ్లు నిలబడతాయా, పక్కటెముకల మీద దెబ్బలు తింటూ ఆలోచించగలడా అనే విషయాల్లో పతకం ఏ హామీ ఇవ్వదు. డిగేల్ ప్రొఫెషనల్ రికార్డు 25 గెలుపులు, 3 ఓటములు, 1 డ్రా. అది గొప్ప రికార్డే. అయితే అందులో అంగుళాల తేడాతో తేలిన పోరాటాలు ఎన్ని ఉన్నాయో చూస్తే మీ తమ్ముడికి పనికొచ్చే సంగతులు కనిపిస్తాయి. మీ తమ్ముడి విషయంలో నా అభిప్రాయం, ఇప్పుడే మారవద్దని. కారణాలు కింద వివరిస్తాను.

నేను విశాఖపట్నంలో చాలా కాలంగా కుర్రాళ్లకు బాక్సింగ్ నేర్పుతున్నాను, జిల్లా, రాష్ట్ర పోటీల్లో జడ్జిగానూ కూర్చున్నాను. డిగేల్ పోరాటాలను శిక్షణలో పాఠంగా చూపిస్తుంటాను కాబట్టి వాటి గురించి కొంత విస్తారంగానే రాయగలను.

డిగేల్ 1986 ఫిబ్రవరిలో లండన్‌లో పుట్టి, నగరానికి వాయవ్యంగా ఉన్న హార్ల్స్‌డెన్‌లో పెరిగాడు. ఎడమచేతి వాటం, అంటే బాక్సింగ్ భాషలో సౌత్‌పా. అమెచ్యూర్‌గా అతన్ని తీర్చిదిద్దింది పశ్చిమ లండన్‌లోని డేల్ యూత్ క్లబ్. 2017లో ఘోర అగ్నిప్రమాదానికి గురైన గ్రెన్‌ఫెల్ టవర్‌లోనే ఆ క్లబ్ ఉండేది. అదే క్లబ్‌లో అతనికంటే రెండేళ్లు చిన్నవాడైన జార్జ్ గ్రోవ్స్ కూడా తయారయ్యాడు. 2005, 2006 సంవత్సరాల్లో ఇంగ్లండ్ అమెచ్యూర్ సంఘం మిడిల్‌వెయిట్ (75 కిలోల) టైటిల్ డిగేల్‌ది కాగా, 2007, 2008లో అది గ్రోవ్స్‌ది అయింది. అమెచ్యూర్లుగా ఇద్దరూ ఒకసారి తలపడితే గ్రోవ్స్ గెలిచాడు. అయినా 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం సాధించిన అనుభవంతో బీజింగ్ వెళ్లింది డిగేలే. ఒకే క్లబ్‌లో ఒకే బరువులో ఇద్దరు మేటి కుర్రాళ్లుంటే ఏమవుతుందో మన స్టేడియాల్లోనూ చూస్తూనే ఉంటాం. ఒకరు భారత శిబిరానికి వెళ్తే ఇంకొకరి పేరు ఎవరికీ తెలియకుండా పోతుంది. గ్రోవ్స్ అలా పోలేదు, అతని సంగతి మళ్లీ వస్తుంది.

బీజింగ్‌లో 75 కిలోల విభాగాన్ని కొంచెం నింపాదిగా చూడాలి, ఎందుకంటే అది మనకూ సంబంధించినది. డిగేల్ ఈజిప్టుకు చెందిన మొహమ్మద్ హికల్‌ను, అమెరికాకు చెందిన షాన్ ఎస్ట్రాడాను దాటి, క్వార్టర్ ఫైనల్లో కజకిస్థాన్ బాక్సర్ బఖ్తియార్ అర్తయెవ్‌ను 8-3తో ఓడించాడు. అర్తయెవ్ 2004 ఏథెన్స్‌లో వెల్టర్‌వెయిట్ స్వర్ణ విజేత. సెమీఫైనల్లో ఐర్లండ్‌కు చెందిన డారెన్ సదర్లండ్‌పై 10-3తో నెగ్గాడు, అంతకుముందు డిగేల్‌ను పలుమార్లు ఓడించిన వాడు సదర్లండ్. ఫైనల్లో క్యూబాకు చెందిన ఎమీలియో కొర్రియా ఎదురయ్యాడు. ఈ కొర్రియా తండ్రి పేరు కూడా ఎమీలియో కొర్రియాయే, ఆయన 1972 మ్యూనిక్‌లో స్వర్ణం గెలిచాడు. మొదటి రౌండ్‌లోనే కొర్రియా డిగేల్‌ను కొరికినందుకు రిఫరీ శిక్ష విధించాడు. ఆ శిక్ష విలువ రెండు పాయింట్లు. బౌట్ 16-14తో ముగిసింది, అంటే గెలుపు తేడా కూడా రెండే.

అదే కొర్రియా సెమీఫైనల్లో 8-5తో ఓడించినది మన విజేందర్ సింగ్‌ను. ఒలింపిక్ బాక్సింగ్‌లో భారత్‌కు తొలి పతకం ఆ కాంస్యమే. విజేందర్ తన తొలి బౌట్‌లో గాంబియా తరఫున వచ్చిన బడూ జాక్ అనే కుర్రాణ్ని 13-2తో చిత్తు చేశాడు. ఈ పేరును గుర్తుపెట్టుకోండి. స్వీడన్‌లో పుట్టి, తండ్రి దేశం తరఫున ఆడి, మొదటి రోజే ఇంటిదారి పట్టిన ఆ జాక్ తర్వాతి కాలంలో ప్రొఫెషనల్‌గా సూపర్ మిడిల్‌వెయిట్‌లో (మిడిల్‌వెయిట్‌కు పై విభాగం) డబ్ల్యూబీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు (ప్రొఫెషనల్ ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో డబ్ల్యూబీసీ ఒకటి), 2023లో క్రూయిజర్‌వెయిట్‌లోనూ అదే సంస్థ టైటిల్ సాధించాడు. పోడియం మీద నిలబడిన నలుగురిలో ప్రొఫెషనల్ ప్రపంచ టైటిల్ వరకు చేరింది డిగేల్ ఒక్కడే. ఆ పట్టికను పట్టుకుని 2008లో ఎవరైనా భవిష్యత్తు చెప్పి ఉంటే జాక్ పేరు చిట్టచివర ఉండేది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే అప్పటి లెక్క తెలియాలి. బీజింగ్‌లో ఒక బౌట్ అంటే రెండు నిమిషాల రౌండ్లు నాలుగు, మొత్తం ఎనిమిది నిమిషాలు. రింగ్ చుట్టూ ఐదుగురు జడ్జీలు ఎరుపు, నీలం బటన్లు పెట్టుకుని కూర్చుంటారు. కనీసం ముగ్గురు సెకను వ్యవధిలో ఒకే బటన్ నొక్కితేనే పాయింటు. ఆ యంత్రం ముందు కూర్చున్న వాడిగా చెబుతున్నాను, ముఖానికి దూరం నుంచి సూటిగా తగిలిన పంచ్ అందరికీ కనిపిస్తుంది, కాబట్టి లెక్కలోకి వస్తుంది. దగ్గరికి చేరి కడుపు మీద కొట్టిన హుక్ అటువైపు కూర్చున్న జడ్జికి కనిపించదు, కాబట్టి అది ఎంత బలమైనదైనా చాలాసార్లు సున్నాయే. తగిలించి తప్పుకునే వాడికి ఆ పద్ధతి అనుకూలం, ఎదురొచ్చి శరీరాన్ని అలసటకు గురిచేసే వాడికి ప్రతికూలం. డిగేల్ మొదటి కోవకు చెందినవాడు. వేగమైన చేతులు, చురుకైన కళ్లు, ఎడమ చేత్తో దూరం నుంచి కొట్టి పక్కకు జరిగిపోవడం అతని పద్ధతి. జాక్ ఓపికగా దగ్గరికి నడిచి, కింద కొట్టి, ఆఖరి రౌండ్లలో ఫలం అందుకునే రకం.

ప్రొఫెషనల్ రంగంలో ముగ్గురు జడ్జీలు రౌండ్‌కు పది పాయింట్ల చొప్పున లెక్కిస్తారు, గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 లేదా అంతకంటే తక్కువ. టైటిల్ పోరు మూడు నిమిషాల రౌండ్లు పన్నెండు, అంటే 36 నిమిషాలు. హెడ్‌గార్డ్ ఉండదు. నేలకు పడితే సాధారణంగా అదనంగా ఇంకో పాయింటు పోతుంది. తూకం ముందురోజు జరుగుతుంది కాబట్టి బాక్సర్లు బరువు తగ్గించుకుని తూగి, రాత్రికి రాత్రి నీళ్లతో, తిండితో మళ్లీ బరువెక్కి రింగ్‌లోకి వస్తారు. ఒలింపిక్స్‌లో మాత్రం ఆడే రోజు ఉదయమే తూగాలి, రెండు వారాల్లో ఐదుసార్లయినా అదే బరువు చూపించాలి. బీజింగ్‌కు ముందు సంవత్సరమే ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్ అయిన బర్మింగ్‌హామ్ బాక్సర్ ఫ్రాంకీ గేవిన్ 60 కిలోలకు దిగలేక అక్కడ ఒక్క బౌట్ కూడా ఆడకుండానే తిరిగి రావలసి వచ్చింది.

(ఇప్పుడు అమెచ్యూర్ లెక్క కూడా మారింది. బటన్ల పద్ధతి పోయి 2013 నుంచి పది పాయింట్ల పద్ధతి వచ్చింది, పురుషులకు హెడ్‌గార్డ్ తీసేశారు. మీ తమ్ముడు నేర్చుకుంటున్నది ఈ కొత్త పద్ధతిలోనే కాబట్టి డిగేల్ తరానికి ఉన్నంత అంతరం అతనికి ఉండదు. అయినా మూడు రౌండ్లకూ పన్నెండు రౌండ్లకూ మధ్య ఉన్న దూరం అలాగే ఉంది.)

స్వర్ణం వచ్చాక జరిగినవన్నీ పతకం తెచ్చిపెట్టిన సౌకర్యాలు. అప్పటి బ్రిటన్‌లో పెద్ద ప్రమోటర్ ఫ్రాంక్ వారెన్‌తో ఒప్పందం, మాజీ బాక్సర్ జిమ్ మెక్‌డానెల్ శిక్షణ, 2009లో ఎంబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ గౌరవం. ఆ ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో తొలి ప్రొఫెషనల్ పోరు జార్జియాకు చెందిన వెప్ఖియా చిలాయాతో జరిగింది. నాలుగు రౌండ్లూ తేలికగా గెలిచినా ప్రేక్షకులు అతన్ని ఎగతాళి చేస్తూ కేకలు వేశారు. అందుకు కారణం ఉంది. టికెట్ కొని వచ్చినవాడికి తగిలించి తప్పుకోవడం నచ్చదు, ఎదుటివాడు పడిపోవడం చూడాలని వస్తాడు. పైగా నాలుగు రౌండ్లే అయినా ఒక్కొక్కటి మూడు నిమిషాలు, కాబట్టి ఆ తొలి పోరే అతని ఒలింపిక్ ఫైనల్ కంటే నాలుగు నిమిషాలు ఎక్కువ నడిచింది.

ప్రొఫెషనల్ నిచ్చెనను తొందరగా ఎక్కించడం వల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. బ్రిటన్‌లో మామూలు బాక్సర్ చిన్న హాళ్లలో నాలుగు, ఆరు రౌండ్ల పోరాటాలు ఏళ్ల తరబడి ఆడి, ప్రాంతీయ టైటిల్ గెలిచి, ఆ తర్వాతే లాన్స్‌డేల్ బెల్టు ఇచ్చే బ్రిటిష్ టైటిల్ పోరుకు చేరతాడు. డిగేల్ తన తొమ్మిదో పోరులోనే, 2010 డిసెంబర్‌లో, పాల్ స్మిత్‌ను అతని సొంత ఊరు లివర్‌పూల్‌లో తొమ్మిదో రౌండ్‌లో ఆపి బ్రిటిష్ సూపర్ మిడిల్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆ రాత్రి ఆట చూస్తే ఇక ఇతన్ని ఆపేవారు లేరనిపిస్తుంది. ఐదు నెలలకే ఆపేవాడు వచ్చాడు.

2011 మే 21న లండన్ ఓ2 అరీనాలో డిగేల్, గ్రోవ్స్ మళ్లీ తలపడ్డారు. ఇద్దరూ అప్పటికి ఓటమి ఎరుగనివారు, పాత క్లబ్ వైరం నోటిమాటల్లో బాగా ముదిరింది. గ్రోవ్స్ ఎదురెళ్లి కొట్టుకుంటాడని అందరూ అనుకుంటే, అతను వెనక్కి జరుగుతూ డిగేల్‌నే ముందుకు రప్పించాడు. ఎదుటివాడు వస్తుంటే కొట్టడానికి అలవాటుపడిన చేతులు, తానే వెంటపడవలసి వచ్చేసరికి తడబడ్డాయి. ఒక జడ్జి 115-115 అన్నాడు, మిగిలిన ఇద్దరూ 115-114తో గ్రోవ్స్‌కు ఇచ్చారు. ఇంకొక్క రౌండ్ డిగేల్‌కు పడి ఉంటే ఫలితం మారేది. నా కార్డులో అది ఎటైనా ఇవ్వదగిన పోరే, దోపిడీ అనడానికి మాత్రం ఆధారం లేదు. నా విద్యార్థులకు ఇందులో నేను చూపించేది మొదటి మూడు రౌండ్లు. అక్కడ డిగేల్ ఎదుటివాణ్ని చదువుతూ సమయం గడిపాడు. బటన్ల లెక్కలో వెనకబడితే ఆఖర్లో వరసగా పాయింట్లు కొట్టి అందుకోవచ్చు. రౌండ్ల లెక్కలో ఒకసారి చేజారిన రౌండ్ తిరిగి రాదు, తర్వాతి రౌండ్‌ను ఎంత గొప్పగా గెలిచినా అదీ 10-9 మాత్రమే.

ఆ ఓటమి తర్వాతి మూడేళ్లు డిగేల్ కెరీర్‌లో మబ్బు పట్టిన కాలం. అదే ఏడాది అక్టోబర్‌లో పోలండ్‌కు చెందిన పియోటర్ విల్చెవ్‌స్కీని స్వల్ప తేడాతో ఓడించి యూరోపియన్ టైటిల్ గెలిచాడు. తర్వాత ప్రమోటర్ మారాడు. పెద్ద అరీనాల నుంచి ఒక షాపింగ్ సెంటర్‌కు ఆనుకుని ఉన్న హాలు వరకు వచ్చాడు. ఒలింపిక్ ఛాంపియన్‌కు అది దిగుడు మెట్టే, కాని అక్కడ ఓడకుండా ఉండడమే ఆ దశలో పని. 2014లో మళ్లీ ప్రమోటర్ మారి, వెంబ్లీ స్టేడియంలో కార్ల్ ఫ్రోచ్, గ్రోవ్స్ రెండో పోరుకు ముందు జరిగిన అర్హత పోరులో బ్రాండన్ గొంజాలెస్‌ను నాలుగో రౌండ్‌లో ఆపాడు. దాంతో ఐబీఎఫ్ (ప్రపంచ టైటిళ్లు ఇచ్చే మరో సంస్థ) టైటిల్‌కు వరసలో నిలిచాడు. అప్పటివరకు తన దగ్గరున్న ఆ టైటిల్‌ను ఫ్రోచ్ వదులుకోవడంతో ఖాళీ ఏర్పడింది.

2015 మే 23న అమెరికాలోని బోస్టన్‌లో ఆ ఖాళీ టైటిల్ కోసం ఆండ్రీ డిరెల్‌ను ఎదుర్కొన్నాడు. డిరెల్ 2004 ఒలింపిక్ కాంస్య విజేత, అతనూ ఎడమచేతి వాటంతో ఆడేవాడే, పైగా తన దేశంలో ఆడుతున్నాడు. రెండో రౌండ్‌లో డిగేల్ అతన్ని రెండుసార్లు కింద పడేశాడు. మధ్య రౌండ్లలో డిగేల్ వేగం తగ్గింది, డిరెల్ లేచి వచ్చాడు, చివరికి 114-112, 114-112, 117-109తో టైటిల్ డిగేల్ చేతికొచ్చింది. ఇద్దరు జడ్జీల కార్డుల్లో తేడా రెండే పాయింట్లు కాబట్టి, రెండో రౌండ్‌లోని ఆ రెండు పతనాలు లేకపోతే ఫలితం మరోలా ఉండేదని ఎవరైనా లెక్కగట్టుకోవచ్చు. అది అతని 22వ ప్రొఫెషనల్ పోరు. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన బ్రిటన్ బాక్సర్ ఒకరు ప్రొఫెషనల్ ప్రపంచ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. అతనికి ముందు 1968 స్వర్ణ విజేత క్రిస్ ఫినెగన్ 1972లో బాబ్ ఫాస్టర్ చేతిలో, 2000 స్వర్ణ విజేత ఆడ్లీ హారిసన్ 2010లో డేవిడ్ హే చేతిలో ఓడారు. లెనాక్స్ లూయిస్ లండన్‌లో పుట్టినవాడే అయినా అతని 1988 స్వర్ణం కెనడా ఖాతాలోది.

ఆ తర్వాత కెనడాలో లూసియన్ బ్యూట్‌పై, వాషింగ్టన్‌లో రొహెలియో మెదీనాపై టైటిల్ నిలబెట్టుకున్నాడు. సొంత ఊరి ప్రేక్షకుల అండ లేకుండా వరసగా విదేశాల్లో గెలవడం చిన్న విషయం కాదు. అతని గురించి మాట్లాడేటప్పుడు దీనికి తగినంత విలువ ఇవ్వడం లేదని నాకనిపిస్తుంది.

ఇక 2017 జనవరి 14, న్యూయార్క్ బ్రూక్లిన్. ఐబీఎఫ్ ఛాంపియన్ డిగేల్, డబ్ల్యూబీసీ ఛాంపియన్ బడూ జాక్. ఒకే ఒలింపిక్స్‌లో ఒకే విభాగంలో ఒకరు పతాకం పైకి లేస్తుంటే చూసినవాడు, ఇంకొకరు మొదటి బౌట్‌లోనే విజేందర్ చేతిలో 13-2తో ఓడినవాడు. జాక్ తన టైటిల్‌ను గెలుచుకున్నది ఆండ్రీ డిరెల్ తమ్ముడు ఆంథనీ డిరెల్ నుంచి, అదీ డిగేల్ బోస్టన్ గెలుపుకు సుమారు నెల ముందు. మొదటి రౌండ్‌లో డిగేల్ జాక్‌ను కింద పడేశాడు. ముందు సగం అతని వేగానిదే పైచేయి. తర్వాత జాక్ ఒక్కో అడుగు దగ్గరికి జరిగి కడుపు మీద, పక్కటెముకల మీద కొడుతూ పోయాడు. 2008లో ఏ బటనూ నొక్కించని పంచ్‌లవి. పన్నెండో రౌండ్‌లో డిగేల్ నేలకు పడి లేచాడు. ఇద్దరు జడ్జీలు 113-113 అన్నారు, ఒకరు 114-112తో డిగేల్‌కు ఇచ్చారు, ఫలితం డ్రా. డిగేల్‌కు ముందు పన్ను ఊడింది, కర్ణభేరి పగిలింది. ఆ రాత్రి ఇంకో రౌండ్ ఉండి ఉంటే జాక్ ముగించేవాడని నా అభిప్రాయం.

ఆ పోరు తర్వాత డిగేల్ మునుపటి బాక్సర్ కాడు. ఆ ఏడాది భుజానికి శస్త్రచికిత్స జరిగింది. డిసెంబర్‌లో లండన్‌లో అమెరికాకు చెందిన కేలబ్ ట్రూయాక్స్‌తో తేలికపాటి పోరు అనుకుని దిగి, టైటిల్ కోల్పోయాడు. 2018 ఏప్రిల్‌లో లాస్ వెగాస్‌లో కంటి మీద గాయంతో రక్తం కారుతుండగానే 114-113, 114-113, 117-110తో దాన్ని తిరిగి గెలుచుకుని, కొద్ది నెలలకు తానే వదులుకున్నాడు. 2019 ఫిబ్రవరిలో క్రిస్ యూబ్యాంక్ జూనియర్ అతన్ని రెండుసార్లు కింద పడేసి ఏకగ్రీవంగా గెలిచాడు. కొన్ని రోజులకే డిగేల్ రిటైర్మెంట్ ప్రకటించాడు, అప్పటికి వయసు 33. యూబ్యాంక్ అమెచ్యూర్‌గా కొద్ది బౌట్లే ఆడినవాడని ఇక్కడ గుర్తుచేయాలి.

డిగేల్ ఒక్కణ్ని చూసి సూత్రం కట్టకూడదు. బీజింగ్‌లో అతనితో పాటు ఉన్న బ్రిటన్ జట్టులో బిల్లీ జో సాండర్స్ పతకం లేకుండా తిరిగొచ్చి, ప్రొఫెషనల్‌గా రెండు బరువుల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. కాంస్యం తెచ్చిన డేవిడ్ ప్రైస్‌కు ప్రపంచ టైటిల్ రాలేదు. డేల్ యూత్‌లో డిగేల్ నీడన ఉండిపోయాడనుకున్న గ్రోవ్స్ మూడు ప్రపంచ టైటిల్ పోరాటాల్లో ఓడి, నాలుగో ప్రయత్నంలో 2017లో డబ్ల్యూబీఏ అనే ఇంకో సంస్థ టైటిల్ గెలిచాడు. 2012 స్వర్ణ విజేతల్లో ఆంథనీ జాషువా 16వ పోరులోనే ఐబీఎఫ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయితే, హల్ నగరానికి చెందిన ల్యూక్ క్యాంప్‌బెల్ రెండుసార్లు ప్రయత్నించి లినారెస్, లొమచెంకోల చేతిలో ఆగిపోయాడు. లొమచెంకో సంగతి ఇంకా విచిత్రం. రెండు ఒలింపిక్ స్వర్ణాలున్న ఆ ఉక్రెయిన్ బాక్సర్ రెండో ప్రొఫెషనల్ పోరులోనే ప్రపంచ టైటిల్‌కు దిగి అనుభవజ్ఞుడైన సాలిడో చేతిలో ఓడాడు, మూడో పోరులో గెలిచాడు. డిగేల్‌కు పట్టిన ఆరేళ్లు మరీ ఎక్కువేమీ కావు. ఒకసారి ఓడి, ప్రమోటర్లు మారి, వరసలో వేచి ఉన్న బాక్సర్‌కు అది సహజమైన కాలమే.

ఇప్పుడు మీ తమ్ముడి విషయం. నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు రాష్ట్ర స్థాయిలో తిరుగులేనివాడు, మూడు రౌండ్లలో అతన్ని పట్టుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ప్రొఫెషనల్‌గా మారతానంటే, కాదనకుండా, విశ్రాంతి నిమిషం తప్ప ఆపకుండా ముగ్గురు వేర్వేరు భాగస్వాములతో ఎనిమిది రౌండ్ల స్పారింగ్ (శిక్షణ కోసం ఆడే పోరు) పెట్టాను. నాలుగో రౌండ్ చివర చేతులు ఛాతీ దాకా జారాయి, ఆరో రౌండ్‌లో కేవలం పట్టుకుని వేలాడాడు. అతనిలో దమ్ము లేక అలా కాలేదు, తొమ్మిది నిమిషాలకు సరిపోయేలా ఊపిరిని ఖర్చు చేయడం శరీరానికి అలవాటైపోయింది. వేరొక కుర్రాడు రాష్ట్ర సెమీఫైనల్ దాటనివాడు, కాని ఎనిమిదో రౌండ్‌లో కూడా మొదటి రౌండ్‌లాగే కడుపు మీద కొట్టేవాడు. వీరిద్దరిలో ప్రొఫెషనల్‌కు ఎవరు తగినవారో పతకాల పట్టిక చూసి చెప్పలేం. మీ తమ్ముడి కోచ్‌తో ఇలాంటి పరీక్ష పెట్టించండి, హెడ్‌గార్డ్‌తో, పెద్ద గ్లవ్స్‌తో, డాక్టర్ అందుబాటులో ఉండగా.

రెండో కారణం జీవనోపాధి. మన దేశంలో సైన్యం, రైల్వే, పోలీసు శాఖల్లో క్రీడా కోటా ఉద్యోగాలు ప్రధానంగా అమెచ్యూర్ పతకాల మీదే ఆధారపడి ఉన్నాయి. నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ 2022, 2023లో వరసగా ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్ అయింది, తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ హోదా పొందింది. అదే జిల్లాకు చెందిన హుసాముద్దీన్ సైన్యంలో ఉంటూ రెండు కామన్వెల్త్ కాంస్యాలు తెచ్చాడు. నాలుగు రౌండ్ల ప్రొఫెషనల్ గెలుపులు ఎన్ని ఉన్నా అలాంటి ఉద్యోగం చేతికి రావడం కష్టం. విజేందర్ 2015లో మాంచెస్టర్ వెళ్లి ప్రొఫెషనల్‌గా మొదలుపెట్టి వరసగా పన్నెండు గెలిచాడంటే, అతని వెనుక ఒలింపిక్ పతకం, బ్రిటిష్ ప్రమోటర్, టీవీ ఉన్నాయి. 2021లో గోవాలో తొలిసారి ఓడేనాటికి ముప్పై అయిదు దాటాడు. రాష్ట్ర పతకంతో మొదలుపెట్టేవాడికి ఆ అండ ఉండదు, ప్రయాణ ఖర్చులు, వైద్య పరీక్షల ఖర్చులు చాలా వరకు ఇంటివాళ్ల మీదే పడతాయి. కాబట్టి కనీసం జాతీయ స్థాయి పతకం, దానితో ఒక ఉద్యోగం వచ్చే వరకు అమెచ్యూర్‌గానే కొనసాగించండి. డిగేల్ కూడా 23 ఏళ్లకే మారాడు, పందొమ్మిదికి కాదు.

సలహా ఇచ్చినాయన ఒప్పంద పత్రం ఏదైనా చూపిస్తే, మూడు సంగతులు రాతలో ఉన్నాయో లేదో చూడండి. ఏడాదికి కనీసం ఎన్ని పోరాటాలు, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది, మేనేజర్, ప్రమోటర్ ఒకరేనా. ఇద్దరూ ఒకరే అయితే, మీ తమ్ముడి పారితోషికం పెంచమని బేరమాడవలసినవాడే ఆ డబ్బు చెల్లించవలసినవాడు అవుతాడు.

చివరగా, వెనక్కి రావచ్చా అన్నారు. డిగేల్ కాలంలో ఆ దారి మూసుకుని ఉండేది. 2016 రియోకు ముందు ప్రొఫెషనల్ బాక్సర్లకు ఒలింపిక్స్ ద్వారం తెరిచారు, ఆ ఏడాది కొద్దిమందే వచ్చారు, ఎవరికీ పతకం రాలేదు. మన వికాస్ కృష్ణన్ ప్రొఫెషనల్‌గా కొన్ని పోరాటాలు ఆడిన తర్వాత టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సాధించి, తొలి బౌట్‌లోనే జపాన్ బాక్సర్ చేతిలో ఓడాడు. దారి ఉన్నా, పన్నెండు రౌండ్ల లయకు అలవాటు పడిన శరీరాన్ని మళ్లీ మూడు రౌండ్ల తొందరకు తిప్పుకోవడం కష్టమే. అంతర్జాతీయ సమాఖ్యల విషయంలో ఇటీవల మార్పులు జరిగాయి కాబట్టి, సంతకం పెట్టేముందు తిరిగి అమెచ్యూర్ పోటీలకు అనుమతి ఉంటుందా అని మీ రాష్ట్ర సంఘాన్ని లిఖితపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.